చైను తెగే వేళకు హాజరు కావలెను

మా సంస్థ పేరు కొండప్రాంత ఊటజల పరిరక్షణ సంస్థ. కొండ మీది ఊళ్ళవాళ్ళు తాగే ఊటనీళ్ళు మంచివో కాదో, వాళ్ళు తాగి మంచాన పడకముందే పరీక్ష చేసి చెప్పడం మా పని. సంస్థలో ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళందరూ నేను చేసిన పనిని పరిరక్షిస్తూ ఉంటారు.

నా పేరు దాలినాయుడు. ఉద్యోగం టూరింగు ఇన్‌స్పెక్టరు. టూరింగు ఇన్‌స్పెక్టరుకి టూరింగు మోటారు సైకిలు ఉండాలని రూలు గనుక నాకూ ఒకటి ఇచ్చారు. దానికి రెండు పక్కలా ఇనప పెట్టెలు, పెట్టెల్లో గాజు సీసాలు, ముందు గాలి కొట్టకుండా ఇంత పెద్ద అద్దం. కొన్న కొత్తలో దాన్ని చూడ్డానికి పక్క ఆఫీసుల వాళ్ళు వచ్చేవారు. ఇప్పుడు దాని చప్పుడు వినగానే కిటికీలు మూసుకుంటున్నారు.

ఆ చప్పుడు వానలు మొదలయ్యాక వచ్చింది. ఇంజను కుడిపక్క నుంచి కటకటమని ఒకటే గోల. ఎల్లాజీ షెడ్డుకి తీసుకెళ్ళాను. ఎల్లాజీ మా ఊళ్ళో పేరున్న మెకానిక్కే గానీ వాడి మాటల్లో సగం తీసేసి వినాలి. నా బండికి హారను బాగుచేసిన రోజున, ఇక్కడ కొడితే ఒరిస్సాలో వినిపిస్తుందన్నాడు. అలాంటివాడు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు అప్పుడే భయం వేసింది.

"టైమింగు చైను సాగిపోనాది నాయుడుబాబూ," అన్నాడు. "దాన్ని బిగించే అడ్జస్టరు ఆఖరికొచ్చేసినాది. ఇంక బిగించడానికేటీ నేదు."

"తెగితే ఏమవుతుంది?"

"ఇంజను బిగదన్నేస్తాది. ఎనకచక్రం ఆగిపోతాది. మామూలు రోడ్డు మీదయితే పడతారు, నెగుస్తారు. గుమ్మిమాను ఘాటీలో అయితే..." అంటూ గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. సగం తీసేసి విన్నా మిగిలిన సగం నాకు సరిపోయింది. వారానికి నాలుగు రోజులు నేను ఎక్కి దిగే కొండదారి ఆ ఘాటీయే.

"అదే రకం చైను ఇంకోటి వెయ్యి."

"అదిప్పుడు కంపెనీవోళ్ళే సెయ్యడం మానీసినారు. కొత్త రకం కిట్టొచ్చింది. చైను లావు, అడ్జస్టరు దానంతటదే బిగుసుకుంటాది. అదెయ్యించండి, ఈ బండి మీ మనవడు కూడా తోల్తాడు."

ఇంటికొచ్చి మా ఆవిడ పైడితల్లికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "మన డబ్బులతో ఏయించీయండి. చైనుకేటి, మడిసికేటి," అంది. అంత తేలిగ్గా అయ్యే పనైతే నేను షెడ్డులోనే వేయించుకుని వచ్చేవాణ్ణి. నాకు ముందు ఈ బండి తోలిన సాంబమూర్తి, హెడ్‌లైటు బల్బు మాడిపోతే తన డబ్బుతో కొత్త బల్బు పెట్టుకున్నాడు. ప్రభుత్వ వాహనంలో ప్రైవేటు వెలుతురు ప్రవేశపెట్టిన నేరానికి సస్పెండయ్యాడు. ఆ మాట తన చేత్తో రాసిన చయనులుగారే ఇప్పటికీ మా సూపరింటెండెంటు.

అందుకని మర్నాడు చయనులుగారి బల్ల ముందే నిలబడ్డాను. ఆయన నా అర్జీ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"బండి నడుస్తోందా?"

"నడుస్తోందండి."

"అయితే చెడలేదు."

"ఇంకా చెడలేదండి. చెడుతుందని..."

"చెడనిదానికి రిపేరేవిటయ్యా?"

"పోనీ చెడ్డాక రమ్మంటారా?"

"చెడితే నడవదు. నడవని బండి మీద టూరు ఉండదు. టూరు లేని బండికి రిపేరు ఎందుకని ఆడిటు అడుగుతుంది." ఆయన జాలిగా చూశారు. నిజంగానే జాలిపడ్డారు, మనిషి చెడ్డవాడు కాదు. "పైగా నువ్వడిగింది రిపేరు కూడా కాదు. పాతదాని కన్నా మంచిది వెయ్యమంటున్నావు. అది అభివృద్ధి కిందికొస్తుంది. అభివృద్ధి నా చేతిలో లేదు. డైరెక్టరుగారి దగ్గరికి పద."

మా డైరెక్టరు తారకేశ్వర్‌గారు కొత్తగా వచ్చారు. వస్తూనే ఏదో శిక్షణకి వెళ్ళి, సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద హోటల్లో కొన్నాళ్ళుండి, అక్కణ్ణించి ఋజువుల పాలన అనే దాన్ని పట్టుకొచ్చారు. ఆయన గదిలో గోడ మీద "చూసిందే సత్యం" అని బంగారు రంగు అక్షరాలతో రాయించారు. నేను చెప్పినదంతా ఆయన చాలా శ్రద్ధగా విన్నారు.

"నాయుడుగారూ, ఇన్నాళ్ళూ మన వ్యవస్థ 'ఏమో' మీద నడిచింది. తెగుతుందేమో, కూలుతుందేమో, కాలుతుందేమో. ఈ ఏమోల మీద ఎంత ప్రజాధనం పోయిందో మీకు తెలుసా? ఇకపై మన సంస్థలో ఏమో లేదు. తెగింది, చూశాం, మార్చాం. అంతే."

"తెగేటప్పుడు నేను దాని మీద ఉంటానండి."

"అదీ మీ అదృష్టం. అందరికన్నా దగ్గరగా చూసేది మీరే."

"అయితే నేను చూసి చెబితే చాలాండీ?"

"చాలదు. మీరు లబ్ధిదారులు. కొత్త శృంఖల వస్తే లాభం మీకు. లబ్ధిదారుడి చూపు చెల్లదు. నిష్పాక్షికమైన కళ్ళు చూడాలి." చైనుని ఆయన కాలనిర్ణయ శృంఖల అనేవారు. తెలుగు మీద అభిమానం ఎక్కువ.

సాయంత్రానికి కమిటీ వేశారు. దాని పేరు వైఫల్య ప్రత్యక్ష వీక్షణ కమిటీ. అధ్యక్షురాలు అకౌంట్సు ఆఫీసరు భానుమతమ్మగారు. సభ్య కార్యదర్శి చయనులుగారు. సాంకేతిక సభ్యుడిగా బోరింగులు చూసే ఇంజినీరుగారిని వేశారు. ఆయన ఆజన్మం చేతిపంపులు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు గనుక నిష్పాక్షికంగా ఉంటారని ఉత్తర్వులోనే రాశారు. చైను తెగే వేళకు ముగ్గురూ విధిగా హాజరై, కళ్ళారా చూసి, చూసినట్టు సంతకాలు పెట్టాలి. అప్పుడు కొత్త కిట్టు.

తెగే వేళ ఎప్పుడో ముందుగా తెలిస్తే కమిటీకి సౌకర్యంగా ఉంటుందని ఎల్లాజీని పిలిపించారు. తేదీ, సమయం, ఏ మలుపు దగ్గరో రాసివ్వమన్నారు.

"నాను సెప్పగలనేటి బాబూ? ఆ చైన్నే అడగండి," అన్నాడు ఎల్లాజీ. ఈ జవాబు సాంకేతికంగా అసంపూర్తిగా ఉందని ఇంజినీరుగారు అభిప్రాయపడ్డారు.

మొదటి వీక్షణ ఆ వారమే జరిగింది. ముందు నేను బండి మీద, వెనక కమిటీ జీపులో. బయలుదేరేముందు జీపుకి నాలుగు చక్రాలూ, బ్రేకులూ కొత్తవి వేయించారు. అవి చెడ్డాయా, ఎవరైనా చూశారా అని అడిగాను. చయనులుగారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "కమిటీ బండి దారిలో ఆగిపోతే వైఫల్యాన్ని చూసేవాళ్ళెవరయ్యా? కొంచెం ఆలోచించాలి," అన్నారు.

ఘాటీ ఎక్కాం. ఒక్కో మలుపు దగ్గరా నేను వేగం తగ్గించేవాణ్ణి. వెనక జీపులోంచి భానుమతమ్మగారు తల బయటికి పెట్టి ఆశగా చూసేవారు. పైదాకా వెళ్ళాం, టీ తాగాం, దిగాం. చైను తెగలేదు. ఇల్లు చేరాక నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కమిటీ మాత్రం "సదరు భాగము సహకరించలేదు" అని రాసింది. రెండోసారీ, మూడోసారీ అంతే. నాలుగోసారి తిరిగొచ్చాక నాకు మెమో ఇచ్చారు.

"సదరు ఇన్‌స్పెక్టరు మలుపుల వద్ద వేగము తగ్గించుచు, గుంతలను తప్పించుచు, శృంఖల యొక్క సహజ వైఫల్యమునకు ఆటంకము కలిగించుచున్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది. ఇట్టి ధోరణిని క్రమశిక్షణా రాహిత్యముగా ఏల పరిగణించరాదో తెలుపవలెను."

ప్రాణభయం వల్ల అలా జరిగిందనీ, ఇకముందు జాగ్రత్త తగ్గించుకుంటాననీ రాసిచ్చాను. పైడితల్లి ఆ కాగితం చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున మాట్లాడింది. "నువ్వు పోతే ఆళ్ళు కళ్ళారా సూత్తారు. నాను కూడా సూడాలేటి?" అంది. మాకు పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

ఈలోగా ఋజువుల పాలన ఆఫీసంతా పాకింది. రికార్డు గదిలో సీలింగు ఫ్యాను ఊగుతోందని అటెండరు చెబితే, దాని కింద గుమాస్తాని అలాగే కూర్చోబెట్టి, చుట్టూ దూరంగా కుర్చీలు వేయించారు. మెట్ల పక్క ఇనప కమ్మీ వదులైందని ఫిర్యాదు వస్తే, లావుపాటి ఉద్యోగులు దానికి ఆనుకుని దిగవలసిందిగా సర్క్యులరు తీశారు. ఆ తరవాత డైరెక్టరుగారి చూపు నా పెట్టెల్లోని సీసాల మీద పడింది.

"ఈ నీళ్ళేమిటి?"

"గుమ్మిమాను పైన ఊట నీళ్ళండి. పరీక్షకి."

"ఎవరికైనా జబ్బు చేసిందా?"

"ఇంకా చెయ్యలేదండి. చెయ్యకూడదనే పరీక్ష."

ఆయన ముఖం వాడిపోయింది. "అంటే జబ్బు చేస్తుందేమోనని. చూశారా, మళ్ళీ ఏమో. మన సంస్థ పుట్టిందే ఒక ఏమో మీద అన్నమాట." ఆ సాయంత్రం నుంచి నీటి పరీక్షలు ఆపేశారు. ఎవరైనా తాగి పడితే కమిటీ వెళ్ళి చూస్తుంది. సీసాలు మాత్రం పెట్టెల్లోనే ఉంచమన్నారు. చైను మీద తగినంత బరువు పడాలి గనుక, ఆఫీసు కుళాయి దగ్గర నింపుకుని ఘాటీ ఎక్కి, దించుకు రమ్మన్నారు.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పని అదొక్కటే. కొండ మీద సీదరి బుదరయ్య అనే రైతు ఉన్నాడు. వాళ్ళ ఊరి ఊట పరీక్షకి వెళ్ళినప్పుడల్లా అనాసపండు కోసిపెట్టేవాడు. దారిలో నన్ను ఆపి, "సీసాలుండాయి గదా బాబూ, మా ఊటకాడికి రావడం మానేసినావేటి?" అని అడిగాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నీళ్ళు కాచి తాగండని చెప్పాను. రాతపూర్వకంగా చెప్పలేదు గనుక నా మీద చర్య తీసుకోలేదు.

చైను తెగకపోవడం చివరికి డైరెక్టరుగారికి పరువు సమస్య అయింది. వెనకాల జీపులో పోతూ చూడడం శాస్త్రీయం కాదని తేల్చారు. ఘాటీలో అన్నిటికన్నా వంకర మలుపు ఏనుగురాయి మలుపు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఆ మలుపులో వీక్షణ వేదిక కట్టించారు. షామియానా, గుడ్డ కప్పిన కుర్చీలు, దుర్భిణీలు, ఫోటోగ్రాఫరు, అంబులెన్సు. రోడ్డు మధ్యన సున్నంతో గుండ్రంగా గీసి, తెగడం వీలైనంత వరకు ఆ గీత లోపల జరిగేలా చూడమని నాకు చెప్పారు. డైరెక్టరుగారు స్వయంగా వచ్చారు. షామియానా చూసి బుదరయ్య, వాళ్ళ ఊరివాళ్ళు వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

"ఏటి బాబూ, పెళ్ళేటి?" అని అడిగాడు బుదరయ్య.

"కాదు. నా బండి చైను తెగడం చూడ్డానికి వచ్చారు."

"తెగితే నువ్వు పడిపోవా?"

"పడతాను."

బుదరయ్య షామియానాకేసి, లోయకేసి, నాకేసి చూశాడు. "మారిస్తే పోనాది కదా," అన్నాడు. ఇంతమందిలో ఎవరికీ తోచని సంగతి అతనికెలా తోచిందో అని నేను ఆశ్చర్యపోలేదు. అది అందరికీ మొదట్నించీ తోస్తూనే ఉంది. ఎవరూ చూడలేదంతే.

ఉదయమంతా ఎక్కాను, దిగాను. డైరెక్టరుగారు దుర్భిణీలోంచి చూస్తూ, "ఇంకొంచెం వేగం! ఇంకొంచెం!" అని చెయ్యి ఊపేవారు. కటకట శబ్దం అంతకంతకీ పెరిగింది గానీ చైను తెగలేదు. మధ్యాహ్నం అయింది. షామియానా వెనక బల్లలు వేసి ఆకులు పరిచారు. పులిహోర, గారెలు, కొబ్బరి పచ్చడి. తీరా వడ్డించబోతే పెరుగు కేను పైన గెస్టుహౌసులో ఉండిపోయిందని తెలిసింది.

"నాయుడూ, బండి ఎలాగూ తిరుగుతూనే ఉంది కదా," అన్నారు చయనులుగారు.

వెళ్ళాను. కేను ట్యాంకు మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని దిగుతున్నాను. ఏనుగురాయి మలుపు తిరుగుతుండగా కింద కటకట ఒక్కసారిగా ఆగింది. ఆ క్షణాన నాకెంతో హాయిగా అనిపించింది. మరుక్షణం పటేలుమని ఏదో విరిగింది, వెనకచక్రం కర్రలా బిగుసుకుంది. బండి అడ్డం తిరిగి సున్నం గీత మీదుగా జారి, నా అదృష్టం కొద్దీ లోయ వైపు కాక కొండ వైపు కాలవలో పడింది. నా కుడికాలు దాని కింద ఉంది. ఒళ్ళంతా పెరుగే.

శబ్దం విని కమిటీ మొత్తం తల తిప్పింది. అప్పటికి అంతా అయిపోయింది. అందరూ షామియానా వెనక ఆకుల మీదికి వంగి ఉన్నారు. ఫోటోగ్రాఫరు గారె నోట్లో పెట్టుకుని ఉన్నాడు. అంబులెన్సు డ్రైవరు కూడా భోజనం పంక్తిలోనే ఉన్నాడు.

నా దగ్గరికి మొదట పరిగెత్తుకొచ్చినవాడు బుదరయ్య. బండి లేపి, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. "నాను సూసినాను! నా కళ్ళతో సూసినాను! చైను తెగిపోనాది, బాబు పడిపోనాడు!" అని అరిచాడు.

భానుమతమ్మగారు చేయి కడుక్కుని వచ్చారు. "ఇతను సభ్యుడు కాదు కదా?" అని చయనులుగారిని అడిగారు. కాదన్నారు చయనులుగారు.

ఆస్పత్రిలో కాలికి కట్టు వేశారు. మూడో రోజున చయనులుగారు బత్తాయిలూ, కమిటీ తీర్మానమూ పట్టుకుని వచ్చారు. బత్తాయిలు పైడితల్లికిచ్చి తీర్మానం చదివారు. చైను తెగి ఉన్నట్లు కమిటీ గమనించింది. కానీ తెగడాన్ని కమిటీ గమనించలేదు. కాబట్టి తెగిందో, తెంపబడిందో చెప్పలేము. వంగిన భాగాలు సరిచేసి, అదే చైను అతికించి, బండిని యథాపూర్వ శిథిలస్థితికి పునరుద్ధరించి, వీక్షణ మళ్ళీ మొదటినుంచి జరపాలి. నా కాలు విషయంలోనూ అంతే. విరిగి ఉంది, విరగడం ఎవరూ చూడలేదు. ఆస్పత్రి ఖర్చు పెండింగు.

"ఆ అతికిన చైనుతో ఘాటీ ఎవులు ఎక్కుతారు?" అని అడిగింది పైడితల్లి.

"మీ ఆయన కోలుకునేదాకా ఎవరినో ఒకరిని వేస్తారమ్మా."

"మీరెక్కండి."

చయనులుగారు నవ్వబోయి ఆగిపోయారు. "నేనా? నాకు స్కూటరు అలవాటే గానీ... అది తెగుతుందమ్మా!"

"తెగుతాదని మీకెలా తెలుసు? సూసినారేటి?"

చయనులుగారు నాకేసి చూశారు, నేను బత్తాయిలకేసి చూశాను. అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. ఫోటో కోసం నన్ను పరామర్శించడానికి వచ్చిన డైరెక్టరుగారు.

"అద్భుతం! ఇది మనకెందుకు తట్టలేదు? చయనులుగారు సభ్యులు, లబ్ధిదారులు కారు. బండి మీద కూర్చుంటే శృంఖలకి అందరికన్నా దగ్గర. భోజన విరామంలో తెగినా చూపు తప్పదు!" అంటూ అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చారు.

చయనులుగారు అనారోగ్యం పేరిట సెలవు పెట్టారు. కారణం గుండెదడ అని రాశారట. దడని ఎవరూ చూడలేదని సెలవు తిరస్కరించారు. ఆదివారం నేను మంచం మీద ఉండగా ఆయన ఒక్కరే మా ఇంటికొచ్చారు. మనిషి సగమైపోయారు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించారు.

"నాయుడూ, ఆ కిట్టు... మీ ఎల్లాజీ దగ్గర ఉంటుందంటావా?"

నాకు సాంబమూర్తి బల్బు గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. చావుభయం ఎలా ఉంటుందో నాకు తెలుసు గనుక జాలేసింది. షెడ్డు దారి చెప్పాను. "ఎవరితోనూ అనకు," అని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ తరవాత జరిగింది నేను విన్నదే. చయనులుగారు రోజూ ఘాటీ ఎక్కారు, దిగారు. మలుపుల దగ్గర వేగం తగ్గించలేదు. ఒక్క గుంతా తప్పించలేదు. ఆయన ధైర్యానికి డైరెక్టరుగారు శాలువా కప్పారు. కమిటీ ఈసారి వంతులవారీగా భోంచేసింది. చైను తెగలేదు సరికదా, కటకట కూడా మానేసింది. పాత భాగానికి తగినంత అవకాశం ఇస్తే దానంతటదే కోలుకుంటుందని ఇంజినీరుగారు నోటు రాశారు.

నా కట్టు విప్పిన వారానికి చయనులుగారు అదే బండి మీద మా ఇంటికొచ్చారు. నాకు మెమో తెచ్చారు. అదే పాత చైను ఇన్నాళ్ళుగా నిరాటంకంగా సేవలందిస్తున్నది కనుక, దాన్ని మార్చాలన్న నా అర్జీ నిరాధారమని కళ్ళారా ఋజువైంది. మునుపటి సంఘటనకి నేను బండి తోలిన తీరే కారణం. ఆస్పత్రి ఖర్చు ఇవ్వరు. సోమవారం డ్యూటీలో చేరాలి. కింద చయనులుగారి సంతకం ఉంది.

"ఏం చెయ్యమంటావయ్యా," అన్నారు ఆయన తల వంచుకుని. "బండి మాత్రం సోమవారం అప్పగిస్తాను. ఎల్లాజీ దగ్గర చిన్న పనుంది."

"ఏం పని?"

"ఛార్జి అప్పగించేటప్పుడు తీసుకున్నది తీసుకున్నట్టు ఇవ్వాలి కదా. ఆ అతికిన చైను దాచే ఉంచాను. దాన్ని మళ్ళీ..."

పైడితల్లి లోపల్నుంచి వచ్చింది. గుమ్మం దిగి, బండి తాళంచెవి తీసి, కొంగున ముడేసుకుంది.

"బండి ఇక్కడే ఉంటాది బాబూ. మీరు నడిసెల్లండి. కాదంటే, కొత్త చైను ఎవులేయించినారో డైరెక్టరుబాబుకి నాను సెప్తాను. ఆయన వొచ్చి కళ్ళారా సూసుకుంటాడు."

చయనులుగారు జేబులోంచి గుడ్డలో చుట్టిన పాత చైను తీసి అరుగు మీద పెట్టి, ఎండలో నడిచి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆయన ముఖంలో బరువు దిగినట్టే ఉంది.

ఇప్పుడు నేను ఆ బండి మీదే ఘాటీ ఎక్కుతున్నాను. రికార్డుల్లో దానికి ఇప్పటికీ పాత చైనే. సీసాల్లో ఆఫీసు కుళాయి నీళ్ళు తీసుకెళ్ళి పైన పారబోసి, బుదరయ్యవాళ్ళ ఊట నీళ్ళు పరీక్షకి నింపుకొస్తున్నాను. బరువు ఒకటే గనుక ఎవరూ పట్టించుకోలేదు. డైరెక్టరుగారికి ప్రమోషను వచ్చి రాజధానికి వెళ్ళారు. అక్కణ్ణించి ఒక ఉత్తర్వు తీశారు. మా బండిని ఉదాహరణగా చూపించి, రాష్ట్రంలోని టూరింగు బండ్లలో వేటికీ ఇకపై టైమింగు చైను మార్చనక్కర్లేదని అందులో ఉంది.

నిన్న పక్క జిల్లా ఇన్‌స్పెక్టరు ఒకాయన మా ఇంటికొచ్చాడు. వీధి చివర ఉండగానే ఆయన బండి కుడిపక్క కటకట నాకు వినిపించింది. ఆయనదీ ఘాటీ దారేనట, ఇంట్లో చిన్నపిల్లలున్నారట. మంచినీళ్ళు తాగుతూ, "మీ బండి అదే పాత చైనుతో అంత బాగా ఎలా నడుస్తోందండీ?" అని అడిగాడు.

ఆయనకి ఎల్లాజీ షెడ్డు దారి చెప్పాను. రాతపూర్వకంగా చెప్పలేదు.